డప్పుకు హద్దు పెట్టేదెవరు? కళాబృందాలు తెలుసుకోవాల్సిన కంప్రెసర్ సంగతి

ముత్తంగిలో కంప్రెసర్ అనగానే ఎవరికైనా ఫ్యాక్టరీలో గాలిని నొక్కి ట్యాంకులో నింపే యంత్రమే గుర్తొస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ షెడ్లలో షిఫ్టులు చేసేవాళ్లకు ఇంటికొచ్చినా దాని మోత చెవుల్లోనే ఉంటుంది. మేము రాస్తున్నది ఇంకో కంప్రెసర్ గురించి. అది గాలిని కాదు, శబ్దాన్ని నొక్కుతుంది. సభల్లో మిక్సర్ లోపల, స్టూడియోలో కంప్యూటర్ లోపల ఉంటుంది. పాట వినేవాళ్లకు కనపడదు. కానీ స్టేజీ మీద ఎవరి గొంతు ఎంత వినపడాలో చాలాసార్లు తేల్చేది అదే.

ముత్తంగిలో ఒక అంబేడ్కర్ జయంతి సాయంత్రం మాకు ఇది బాగా అర్థమైంది. హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. స్టేజీ మీద ఆరుగురు డప్పు కళాకారులు, పాడేందుకు ఒక అక్క. పల్లవి బాగానే వినిపించింది. డప్పులు జోరందుకోగానే ఆమె గొంతు లోపలికి పోయింది. డప్పు ఆగిన చోట మళ్లీ పైకి తేలింది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, "ఎవరో మైకు గుంజుకుంటున్నట్టున్నది బిడ్డా" అన్నాడు. మిక్సర్ దగ్గరున్న తమ్ముడు మాత్రం, "డప్పు ఎక్కువైతున్నదన్నా, జర మెల్లగ కొట్టమనుండ్రి" అన్నాడు. కళాకారులు మెల్లగా కొట్టారు. పాట చప్పబడింది.

డప్పు ఎక్కువ కావడం అక్కడ సమస్యే కాదు. మిక్సర్ తెర మీద చూస్తే డప్పు, గొంతు, హార్మోనియం అన్నీ కలిసి వెళ్లే మాస్టర్ మీద ఒకే కంప్రెసర్ గట్టిగా బిగించి ఉంది. అది ఏం చేసిందో అర్థం కావాలంటే ముందు దాని పనితీరు తెలియాలి.

నాలుగు మీటలు, ఒక లెక్క

పాటలో అతి మెల్లని చోటుకూ అతి గట్టి చోటుకూ మధ్య ఉండే దూరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ సభల్లో పాడటం చూసినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. పాట మధ్యలో పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు గొంతు దించి, ఒక్కసారిగా పైకెత్తేవాడు. ఆ దూరంలోనే పాట బలం ఉంది. అయితే మైకులకు, స్పీకర్లకు పరిమితులున్నాయి. మెల్లని మాట లారీల మోతలో కలిసిపోకూడదు, గట్టి కేకకు స్పీకర్ చిట్లకూడదు. అందుకే ఆ దూరాన్ని కొంత తగ్గించే పరికరం కావాలి. అదే కంప్రెసర్.

దానికి ముఖ్యంగా నాలుగు మీటలు ఉంటాయి. థ్రెషోల్డ్ అంటే హద్దు. శబ్దం ఆ హద్దు దాటినప్పుడే కంప్రెసర్ పని మొదలవుతుంది. రేషియో అంటే దాటినదాన్ని ఎంత నొక్కాలన్న లెక్క. ఎటాక్ అంటే హద్దు దాటాక ఎంత వేగంగా నొక్కాలి, రిలీజ్ అంటే శబ్దం తగ్గాక ఎంతసేపట్లో వదలాలి అన్నది. ఈ రెండూ మిల్లీసెకన్లలో ఉంటాయి. నొక్కాక తగ్గిన శబ్దాన్ని మళ్లీ పైకి తేవడానికి మేకప్ గెయిన్ అనే ఇంకో మీట ఉంటుంది.

ఆ సాయంత్రం లెక్క ఇది. డిజిటల్ మిక్సర్‌లో సున్నా డెసిబెల్ పైకప్పు లాంటిది, అందుకే లెవెళ్లన్నీ మైనస్‌లో కనిపిస్తాయి. థ్రెషోల్డ్ మైనస్ 20 దగ్గర ఉంది, రేషియో 4:1. డప్పు దెబ్బ మైనస్ 4 దాకా వస్తోంది. అంటే హద్దు కంటే 16 డెసిబెల్స్ ఎక్కువ. 4:1 లెక్కన ఆ 16 కాస్తా 4 అవుతుంది. మిగతా 12 డెసిబెల్స్‌ను కంప్రెసర్ నొక్కేస్తుంది. 12 డెసిబెల్స్ తగ్గడమంటే సిగ్నల్ వోల్టేజీ దాదాపు నాలుగో వంతుకు పడిపోవడం.

డప్పు ఒక్కటే తగ్గితే అంత నష్టం లేదు. కానీ కంప్రెసర్ ఉన్నది మాస్టర్ మీద. డప్పు కోసం అది 12 డెసిబెల్స్ నొక్కినప్పుడు, అదే దారిలో వెళ్తున్న అక్క గొంతు కూడా 12 డెసిబెల్స్ కిందికి పోయింది. దానికి తోడు రిలీజ్ అర సెకను ఉంది. ఒక దెబ్బకు నొక్కినదాన్ని వదిలేలోపే ఇంకో దెబ్బ పడుతోంది. కాబట్టి డప్పు మోగినంతసేపూ గొంతు కిందే ఉండిపోయింది. దెబ్బలు వేసినవాళ్లు, పాడిన మనిషి ఇద్దరూ నష్టపోయారు. యంత్రం చేసిన పనికి నింద డప్పు మీద పడింది.

డప్పు దెబ్బలో ఏముంది?

డప్పు కళాకారుల కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల ఉంటాయి. సిర్ర తోలు మీద పడిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలో పదునైన చప్పుడు పుడుతుంది. దాని వెనుకే తోలు, చట్రం కలిసి మోగే నాదం వస్తుంది. సన్నని సిటికెన పుల్ల వేసే చిన్న దెబ్బలు ఆ పెద్ద దెబ్బల మధ్య ఖాళీని నింపుతాయి. వీటిలో ఏది పోయినా దరువు దరువులా ఉండదు.

ఎటాక్ ఒక మిల్లీసెకను కంటే తక్కువ పెడితే కంప్రెసర్ ఆ మొదటి పదునునే మింగేస్తుంది. అప్పుడు డప్పు అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. 20 నుంచి 30 మిల్లీసెకన్లు పెడితే పదును బయటికి పోయాక నొక్కడం మొదలవుతుంది. రిలీజ్‌ను దరువు వేగాన్ని బట్టి లెక్కగట్టొచ్చు. నిమిషానికి 120 మాత్రల వేగంలో ఒక మాత్రకు 500 మిల్లీసెకన్లు. మాత్రకు నాలుగు దెబ్బలు పడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య 125 మిల్లీసెకన్లు. రిలీజ్ అంతకంటే తక్కువ, 80 నుంచి 100 మధ్య ఉంటే తర్వాతి దెబ్బ వచ్చేసరికి కంప్రెసర్ చాలావరకు చేయి తీసేసి ఉంటుంది. రేషియో 3:1, ఎంత నొక్కుతుందో చూపే మీటర్‌లో 3 నుంచి 5 డెసిబెల్స్ కనిపిస్తే చాలు. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే, చివరి మాట చెవిదే.

ఇదే కుటుంబంలో గేట్ అని ఇంకో పరికరం ఉంది. హద్దు కంటే తక్కువున్న శబ్దాన్ని అది మూసేస్తుంది. చుట్టుపక్కల మోత మైకులోకి రాకుండా ఉండటానికి వాడతారు. దాని హద్దు ఎత్తున పెడితే సిర్ర దెబ్బ లోపలికి వస్తుంది, సిటికెన పుల్ల బయటే ఆగిపోతుంది. డప్పు మీద గేట్ లేకపోయినా నష్టం లేదు. పెట్టాల్సి వస్తే అతి మెల్లని పుల్ల దెబ్బ కూడా వినిపించేలా హద్దు దించాలి.

ఇంకో సంగతి డప్పు కొట్టేవాళ్లకే తెలుసు, సౌండ్ వాళ్లకు చెప్పాలి. డప్పును మంట దగ్గర కాస్తారు. తోలు బిగుస్తుంది, చప్పుడు పదునెక్కుతుంది. కాయకముందు డప్పుతో సౌండ్ చెక్ చేస్తే, కాశాక ఆ లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే కాచిన డప్పుతోనే సౌండ్ చెక్ చేయమనాలి.

సభలో ఒకలా, స్టూడియోలో ఒకలా

సభలో ప్రధానమైన ప్రమాదం మైకు కీచుమనడం. మేకప్ గెయిన్ 6 డెసిబెల్స్ పెంచితే మైకు కీచుమనే స్థితికి 6 డెసిబెల్స్ దగ్గరైనట్టే. కాబట్టి సభలో గొంతు మీద 3:1 రేషియో, 10 నుంచి 15 మిల్లీసెకన్ల ఎటాక్, 100 నుంచి 150 రిలీజ్‌తో మొదలుపెట్టి, 3 నుంచి 6 డెసిబెల్స్‌కు మించి నొక్కకుండా చూడాలి. మాస్టర్ మీద కంప్రెసర్ బదులు లిమిటర్ ఉంటే చాలు. లిమిటర్ అంటే రేషియో బాగా ఎక్కువున్న కంప్రెసర్, హద్దు దాటనివ్వని గోడ లాంటిది. దాని పని స్పీకర్లు కాలిపోకుండా కాపాడటం. పాట సాగుతున్నంతసేపూ దాని లైటు వెలుగుతూనే ఉందంటే ఎక్కడో లెవెల్ ఎక్కువ పెట్టామని అర్థం.

స్టూడియోలో కీచుమనే భయం లేదు, తప్పయితే మళ్లీ చేయొచ్చు. రికార్డు చేసేటప్పుడు నొక్కకుండా తీసుకుని తర్వాత నొక్కడం మంచిది, ఒకసారి నొక్కేసి రికార్డు చేసినదాన్ని వెనక్కి తేలేం. డప్పు రికార్డును రెండుగా చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని గట్టిగా నొక్కి కింద కలిపితే పదును పోకుండా నిండుదనం వస్తుంది. పాటను యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు గట్టిగా వినపడాలని లిమిటర్‌ను అతిగా తొక్కడం మానుకోవాలి. అక్కడ మరీ గట్టిగా ఉన్న పాటను వాళ్లే తగ్గిస్తారు. మనకు మిగిలేది నలిగిన డప్పే.

ముత్తంగి మీదుగా పోయే ఇదే 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ వైపు వెళ్తే మాచునూరు దగ్గరపడుతుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న అక్కడ మొదలైంది. దళిత మహిళలు నడిపే ఈ రేడియోలో జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చోవడమే కాదు, రికార్డింగ్, ఎడిటింగ్ పనులూ నేర్చుకున్నారు. కంప్రెసర్లు, లిమిటర్లు బాగా పెరిగింది కూడా రేడియో అవసరాల నుంచే. ప్రసారమయ్యే శబ్దం పరిమితి దాటితే వినేవాళ్లకు చిట్లుతుంది, పక్క స్టేషన్‌కు అడ్డం పడుతుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ ఆస్తిని చేతుల్లోకి తీసుకోవడంలో మీటలు తిప్పడం నేర్చుకోవడమూ భాగమేనని మాచునూరు చూపించింది.

"గోల" అని ఎవరంటున్నారు?

డప్పును గోల అనడం కొత్త కాదు. చావుకు కొట్టు, చాటింపుకు కొట్టు అని మాదిగలతో వెట్టిగా కొట్టించుకున్న ఊరే దాన్ని అంటరానిదిగా చూసింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక అదే డప్పు హక్కుల చాటింపు అయింది. ఇవాళ గోల అనే మాట కొన్నిసార్లు చట్టం పేరుతో వస్తోంది. కాబట్టి చట్టం కూడా తెలిసి ఉండాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళ బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇక్కడ గమనించాల్సింది, ఈ పరిమితులు కొంతసేపటి సగటు మీద లెక్కించేవి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకునే డప్పు సగటు తక్కువ. బాగా నొక్కి, మేకప్ గెయిన్‌తో పైకెత్తిన డీజే పాటలో ఖాళీలే ఉండవు. రెండింటి శిఖరం ఒకే ఎత్తున ఉన్నా సగటు డీజేదే ఎక్కువ. ఎవరైనా డప్పునే ముందు ఆపమంటే, మీటర్ పెట్టి సగటు చూడమని అడగొచ్చు.

కంప్రెసర్‌కు కులం లేదు. ఎక్కడ హద్దు పెడితే అక్కడే నొక్కుతుంది. అయితే మిక్సర్లలో ముందే నింపి ఉంచే సెట్టింగులు ఎక్కువగా కిక్, స్నేర్, వోకల్ పేర్లతో ఉంటాయి. డప్పుకు చాలావాటిలో అసలు పేరే లేదు. ఆ తమ్ముడు కూడా షిఫ్టు దిగి వచ్చి, పక్కవాళ్లను చూసి నేర్చుకున్నవాడే. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. మన బృందాల్లో పాడేవాళ్లు, కొట్టేవాళ్లు, రాసేవాళ్లు ఉన్నారు. మిక్సర్ దగ్గర నిలబడేవాళ్లు తక్కువ.

ఆ సాయంత్రం రెండో పాటకు ముందు అతనూ మేమూ కలిసి మూడు పనులు చేశాం. మాస్టర్ మీది కంప్రెసర్ తీసేసి లిమిటర్ మాత్రం ఉంచాం. డప్పులను ఒక గ్రూపుగా, గొంతును వేరుగా విడదీసి దేనికి దాని కంప్రెసర్ పెట్టాం. డప్పుకు ఎటాక్ 25 మిల్లీసెకన్లకు పెంచాం. కళాకారులను మామూలుగా కొట్టమన్నాం. అక్క చరణం అందుకుంది. ఈసారి డప్పులు పూర్తి జోరులో ఉండగానే మాటలు వెనుక వరుస దాకా వినిపించాయి. "గిట్ల ముందే పెట్టాల్సిందన్నా" అన్నాడు తమ్ముడు. తర్వాతి సభకు గంట ముందే రమ్మని, డప్పులు కాశాకే చెక్ చేద్దామని ఒప్పుకున్నాం.