ఆట మధ్యలో పునఃప్రారంభమయ్యే డెస్క్‌టాప్ కంప్యూటర్: కారణనిర్ణయ పద్ధతి

వ్యాససంగ్రహం:
రాతపని, అంతర్జాల వీక్షణం, చలనచిత్రాలు వంటి పనుల్లో ఏ ఇబ్బందీ లేని డెస్క్‌టాప్ కంప్యూటర్, ఆట మొదలుపెట్టిన కొద్దిసేపటికే తనంతట తాను పునఃప్రారంభం కావడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఈ లోపానికి కారణాన్ని ఏ క్రమంలో వెతకాలో, ఏ సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలో, ఏ పరీక్ష దేనిని నిరూపిస్తుందో, దేనిని నిరూపించదో ఈ వ్యాసం వివరిస్తుంది. విద్యుత్ సరఫరా విభాగంపై ప్రధానంగా దృష్టి పెడుతుంది.

కీలకపదాలు: ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, క్షణిక విద్యుద్భారం, కెర్నల్-పవర్ 41, అన్వయవ్యతిరేకాలు, ఉపాధి.

1. ఉపోద్ఘాతం:
కంప్యూటర్ ఆటను కాలక్షేపంగా భావించే పరిశోధకునికి ఈ సమస్య తనది కాదనిపించవచ్చు. కాని యంత్రం దృష్టిలో ఆట ఒక భారం మాత్రమే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ మూడూ ఒకేసారి గరిష్ఠస్థాయిలో, అదీ క్షణక్షణం మారే స్థాయిలో పనిచేయడం దాని స్వభావం. తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాల నుంచి అక్షరాలను గుర్తించే ప్రోగ్రాం, క్షేత్రపర్యటనలో తీసిన దృశ్యాలను కూర్చే ప్రోగ్రాం, భాషానమూనాకు శిక్షణ ఇచ్చే ప్రోగ్రాం కూడా గ్రాఫిక్స్ కార్డు మీద ఇలాంటి భారాన్నే మోపుతాయి. నేడు ఆటలో కనిపించిన లోపం రేపు పన్నెండు గంటల గణన మధ్యలో కనిపిస్తుంది.

దీనికి మన ఊళ్లలో జరిగే మొదటి చికిత్స సాధారణంగా ‘ఫార్మాట్ కొట్టడం’. లోపం విద్యుత్తుదైతే విండోస్‌ను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా ఫలితం ఉండదు. పైగా సరిగా నకలు తీసుకోని సమాచారం ఈ చికిత్సలో పోతుంది. రెండో చికిత్స గ్రాఫిక్స్ కార్డును మార్చడం. యంత్రంలో చాలామటుకు అన్నిటికంటే ఖరీదైన భాగం అదే. కారణనిర్ణయం లేని చికిత్సకు చెల్లించే మూల్యం ఇంత ఉంటుంది కనుక నిర్ణయపద్ధతిని కొంత వివరంగా పరిశీలించవలసి ఉంది.

2. లక్షణ వివేచన:
‘కంప్యూటర్ ఆగిపోతోంది’ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు లక్షణాలు దాగి ఉంటాయి. ఆట మాత్రమే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపించడం ఒకటి. చిత్రం స్తంభించిపోయి, ధ్వని ఒకే ముక్కగా మోగుతూ ఉండడం రెండవది. తెర నల్లబడి యంత్రం తిరిగి మొదలుకావడం మూడవది. యంత్రం పూర్తిగా ఆరిపోయి, మీట నొక్కినా వెంటనే స్పందించకపోవడం నాలుగవది. మొదటి రెండింటిలో డ్రైవరు, ఆట ప్రోగ్రాం, ర్యామ్ మీద అనుమానం ముందు నిలుస్తుంది. మూడవ లక్షణంలో విద్యుత్ సరఫరా, ప్రాసెసర్ ముందుకు వస్తాయి. నాలుగవ దానిలో ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణవలయం కాని, ప్రాసెసర్ ఉష్ణరక్షణ కాని పనిచేసి ఉండవచ్చు. బాగుచేసేవారికి చెప్పేటప్పుడు ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పగలిగితే సగం శ్రమ తగ్గుతుంది.

పరిభాష విషయంలో మరొక చిక్కు ఉంది. తెలుగు వాడుకలో క్యాబినెట్ మొత్తాన్ని ‘సీపీయూ’ అంటారు. సాంకేతికంగా ఆ పేరు లోపలి ప్రాసెసర్‌కు మాత్రమే చెందుతుంది. ‘సీపీయూ పాడైంది’ అన్న వాక్యాన్ని వినియోగదారు ఒక అర్థంలో, సాంకేతికుడు మరొక అర్థంలో తీసుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

3. విండోస్ దినచర్యలో సాక్ష్యం:
నీలితెర వచ్చినా అది క్షణంలో మాయమై యంత్రం తిరిగి మొదలుకావడం విండోస్‌లో సహజస్థితి. సిస్టమ్ అమరికలలోని ‘స్టార్టప్ అండ్ రికవరీ’ విభాగంలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అనే ఎంపికను తొలగిస్తే నీలితెర నిలిచి ఉంటుంది. దాని మీది సంకేతం చదవవచ్చు. ఈ మార్పు చేసిన తరువాత కూడా నీలితెర ఏదీ కనిపించకుండానే యంత్రం పునఃప్రారంభమైతే, విండోస్‌కు తెలియకుండానే కింది నుంచి ఆధారం తొలగిపోయిందని అనుమానించాలి.

ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదును చూసి, అదే లోపమని భ్రమపడేవారు ఎక్కువ. అది కారణం కాదు, కార్యం. క్రితంసారి యంత్రం పద్ధతిగా మూయబడలేదని మరుసటి ప్రారంభంలో విండోస్ రాసుకునే వాక్యం మాత్రమే. దాని వివరాలలోని ‘బగ్‌చెక్‌కోడ్’ అంకెకు అంతకంటే ఎక్కువ విలువ ఉంది. అది సున్నా అయితే లోపాన్ని నమోదు చేసే వ్యవధి విండోస్‌కు దొరకలేదని అర్థం. సున్నా కాకపోతే నీలితెర పుట్టిందని అర్థం. ఇక్కడ అంకె దశాంశ పద్ధతిలో, నీలితెర మీద షోడశాంశ పద్ధతిలో ఉంటుంది. ఇక్కడి 278, అక్కడి 116 ఒకటే. గ్రాఫిక్స్ కార్డు నిర్ణీత వ్యవధిలో స్పందించక, డ్రైవరును తిరిగి నిలబెట్టే ప్రయత్నం కూడా విఫలమైనప్పుడు వచ్చే సంకేతం అది. ఆ వ్యవధి సాధారణంగా 2 సెకన్లు. ‘హియా-లాగర్’ పేరుతో నమోదులు ఉంటే ప్రాసెసర్ స్వయంగా హార్డ్‌వేర్ లోపాన్ని గుర్తించి చెప్పినట్లు. దానిని ఉపేక్షించరాదు.

4. విద్యుత్ సరఫరా:
బగ్‌చెక్‌కోడ్ సున్నాగా ఉండి, ఆటలోనే పునఃప్రారంభం జరుగుతుంటే ముందుగా చూడవలసినది ఎస్‌ఎంపీఎస్. ఒక ఉదాహరణను లెక్కకట్టి చూడవచ్చు. 2020లో విడుదలైన ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు నిర్దిష్ట వినియోగం 320 వాట్లు. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ తయారీదారు పరిమితి ప్రకారం 142 వాట్ల దాకా తీసుకుంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు 60 వాట్లు కలిపితే మొత్తం 522. కాగితం మీద 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీనికి చాలినట్లే కనిపిస్తుంది. కాని ఆ కార్డుకు తయారీదారు సూచించినది 750 వాట్లు.

ఈ భేదానికి కారణం 320 అనేది సగటు కావడం. గ్రాఫిక్స్ కార్డు ఒక చిత్రఫలకాన్ని పూర్తిచేసి మరొకదానిని మొదలుపెట్టే సంధికాలంలో దాని వినియోగం ఒక్కసారిగా పడి, ఒక్కసారిగా లేస్తుంది. మిల్లీసెకనులో చిన్న భాగం పాటు అది సగటుకు రెట్టింపును సమీపించవచ్చు. ఆ క్షణంలో ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులు పరిమితి దాటి పడిపోతే యంత్రం నిలబడదు. ఏటీఎక్స్ 3.0కు ముందరి ప్రమాణం అనుమతించిన హెచ్చుతగ్గులు 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల వరకు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ క్షణిక భారాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంది. 450 వాట్లకు మించి, కొత్త గ్రాఫిక్స్ కనెక్టరు ఉన్న ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. అంతకు ముందు తయారైన సరఫరాలన్నీ నాసిరకమని దీని అర్థం కాదు. పెట్టె మీది వాట్ల అంకె ఒక్కటే చాలదని మాత్రం తేలుతుంది.

పునఃప్రారంభం జరిగే యాంత్రిక క్రమం ఇది. అన్ని వోల్టేజీలూ సక్రమంగా ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ ఒక ప్రత్యేక తీగ ద్వారా ‘పవర్ ఓకే’ సంకేతాన్ని మదర్‌బోర్డుకు పంపుతూ ఉంటుంది. వోల్టేజీ పరిధి తప్పితే ఆ సంకేతం ఆగిపోతుంది. మదర్‌బోర్డు వెంటనే ప్రాసెసర్‌ను నిలిపివేస్తుంది. సంకేతం తిరిగి రాగానే మొదటి నుంచి ప్రారంభిస్తుంది. తెర నల్లబడడం, ఫ్యాన్ల చప్పుడు ఒక్కక్షణం మారడం, తయారీదారు చిహ్నం కనిపించడం ఇందువల్లనే. భారం మరీ మించి రక్షణవలయం తెగితే మాత్రం యంత్రం తిరిగి మొదలుకాక ఆరిపోయి ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, కొద్దిసేపు ఆగి వేస్తే గాని మేలుకోకపోవచ్చు.

చాలినంత సామర్థ్యమున్న ఎస్‌ఎంపీఎస్ కూడా వయసుతో బలహీనపడుతుంది. అందులోని ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు వేడికి క్రమంగా ఎండి, విద్యుత్తును నిలవచేసే శక్తిని కోల్పోతాయి. కనుక మూడేళ్లు బాగా పనిచేసిందన్న మాట నాలుగో ఏటికి సాక్ష్యం కాదు.

5. అన్వయవ్యతిరేకాలు, ఉపాధి:
తర్కసంగ్రహంలో అన్నంభట్టు చూపిన ప్రసిద్ధ ఉదాహరణ ఇక్కడ నిజంగానే ఉపకరిస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా మాత్రం పొగ ఉండదు. తడికట్టె కూడా తోడైతేనే పొగ పుడుతుంది. ఆ తడికట్టె సంబంధాన్ని నైయాయికులు ‘ఉపాధి’ అన్నారు. ‘ఆట ఆడితే యంత్రం పునఃప్రారంభమవుతోంది’ అన్న వాక్యంలో ఆట నిప్పు వంటిది. తడికట్టె ఏదో కనుక్కోవడమే పరీక్షల పని.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. ఆట అమరికలలో చిత్రఫలకాల వేగాన్ని సెకనుకు 60కి పరిమితం చేయాలి. లేదా ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ప్రోగ్రాంతో గ్రాఫిక్స్ కార్డు విద్యుత్ పరిమితిని 70 శాతానికి తగ్గించాలి. అదే ఆటను, అదే ఘట్టాన్ని, గతంలో లోపం కనిపించిన వ్యవధికి కనీసం మూడింతలు ఆడి చూడాలి. లోపం మాయమైతే అది వ్యతిరేకం. అంతటితో ఆగరాదు. పరిమితిని మళ్లీ 100 శాతానికి పెంచినప్పుడు లోపం తిరిగి రావాలి. అది అన్వయం. రెండూ కుదరకపోతే లోపం తగ్గడం కాకతాళీయమే కావచ్చు.

రెండూ కుదిరినా తేలింది ఒక్కటే: లోపం గ్రాఫిక్స్ కార్డు తీసుకునే విద్యుత్తుతో ముడిపడి ఉంది. దోషం ఇచ్చేవారిదా, పుచ్చుకునేవారిదా అన్నది ఇంకా తేలలేదు. దానికి మార్పిడి తప్పదు. సామర్థ్యం తెలిసిన మరొక ఎస్‌ఎంపీఎస్‌ను అరువు తెచ్చి, మిగిలినవేవీ మార్చకుండా పరీక్షించాలి. ఈ సందర్భంలో రెండు జాగ్రత్తలు అవసరం. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన తీగలనే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు కనుక, పాత తీగలు సరిగ్గా ఇమిడినా భాగాలను కాల్చివేయగలవు. ఇక ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఏ పరిస్థితిలోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

మార్పిడికి ముందు తీగలను ఒకసారి చూడడం మంచిది. ఎనిమిది కొసల కనెక్టరు ఒక్కొక్కటి 150 వాట్లకు ఉద్దేశించినది. స్లాటు ద్వారా మరో 75 వాట్లు అందుతాయి. రెండు కనెక్టర్లు కావలసిన కార్డుకు ఒకే తీగ నుంచి చీలిన రెండు కొసలను తగిలించే అలవాటు దుకాణాలలో ఉంది. పెద్ద కార్డులకు వేర్వేరు తీగలు వాడడమే క్షేమం.

మల్టీమీటరు 12 వోల్టులు చూపిందని ఎస్‌ఎంపీఎస్‌ను నిర్దోషిగా ప్రకటించడం పొరపాటు. మైక్రోసెకన్లలో వచ్చిపోయే పతనం దానికి అందదు. ఫర్‌మార్క్ వంటి పరీక్ష గంటసేపు నడిచినా అంతే. అది నిలకడైన భారం. ఆటది ఎగుడుదిగుడు భారం. నిలకడగా పరుగెత్తగలిగినవాడు గుంతల దారిలో తూలిపడవచ్చు.

6. ప్రాసెసర్, ర్యామ్:
విద్యుత్ పరిమితి తగ్గించినా లోపం తగ్గకపోతే ఈ రెండింటి వైపు తిరగాలి. ర్యామ్‌కు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అమరిక పెట్టి ఉంటే, అది ప్రాథమిక ప్రమాణాన్ని మించిన వేగం. దానిని తీసివేసి ఆడి చూడడం, ఆపై మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపడం సరైన క్రమం.

ప్రాసెసర్‌ను అనుమానించడానికి చాలామంది వెనుకాడతారు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం ఆ నమ్మకాన్ని సడలించింది. ఆటలు కూలిపోవడం, గ్రాఫిక్స్ జ్ఞాపకం చాలలేదన్న సందేశాలు రావడంతో ఎందరో మొదట గ్రాఫిక్స్ కార్డులను, డ్రైవర్లను తప్పుపట్టారు. అవసరానికి మించిన వోల్టేజీని కోరే మైక్రోకోడ్ దోషం ఇందులో ఉందని 2024 జులైలో ఇంటెల్ ప్రకటించింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈ సవరణ బయాస్ నవీకరణ ద్వారా చేరుతుంది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అది బాగుచేయలేదు. కనుక ఆ తరాల యంత్రంలో బయాస్ తేదీని చూడకుండా మరే భాగాన్నీ కొనరాదు.

వేడిని గురించి కొద్దిగా చెబితే చాలు. నేటి ప్రాసెసర్లు వేడెక్కినప్పుడు ముందు వేగం తగ్గించుకుంటాయి, అదీ చాలకపోతే యంత్రాన్ని ఆర్పివేస్తాయి. కేవలం వేడివల్ల నేరుగా పునఃప్రారంభం కావడం అరుదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంతో ఉష్ణోగ్రతలను ఫైలులోకి నమోదు చేస్తూ ఆడితే, లోపానికి ముందరి చివరి వరుస సందేహం తీరుస్తుంది. దుమ్ము దులపడం ఎలాగూ మంచిదే.

7. గోడ నుంచి క్యాబినెట్ దాకా:
క్యాబినెట్ లోపల అంతా సరిగా ఉండి కూడా లోపం కొనసాగే సందర్భాలు మన పరిసరాలలో తక్కువేమీ కాదు. ఇళ్లలో, కళాశాల గదులలో కనిపించే 600 వీఏ యూపీఎస్ నిజానికి 360 వాట్లకు ఉద్దేశించినది. పై ఉదాహరణలోని యంత్రం 522 వాట్లు వాడుతున్నప్పుడు, ఎస్‌ఎంపీఎస్ దక్షత 90 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 580. రాతపనిలో దానికి అందులో చిన్న వంతు చాలు కనుక యూపీఎస్ లోపం బయటపడదు. ఆట నడుస్తుండగా వోల్టేజీ తగ్గి యూపీఎస్ బ్యాటరీకి మారిందంటే, ఆ భారాన్ని మోయలేక చేతులెత్తేస్తుంది.

యూపీఎస్ మార్పిడికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. 50 హెర్ట్‌జ్ సరఫరాలో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ నిండుభారం వద్ద సుమారు 16 మిల్లీసెకన్లు తన నిలవ మీద నెట్టుకురాగలదు. కెపాసిటర్లు ఎండిన పాతదానికి అంత ఓపిక ఉండదు. అంటే యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్ విడివిడిగా పనికివచ్చేవే అయినా, జంటగా విఫలం కావచ్చు. ఇన్వర్టరు మీద నడిచే గదులలో మార్పిడికి ఇంకా ఎక్కువ వ్యవధి పట్టే అవకాశం ఉంది.

అందుచేత పరీక్షలన్నిటికంటే ముందు, యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ పెట్టెను తప్పించి యంత్రాన్ని నేరుగా గోడ సాకెట్టుకు తగిలించి ఒక పూట ఆడి చూడాలి. ప్లగ్గు వదులుగా ఊగుతుంటే సాకెట్టు మార్చాలి. తేదీ, వేళ, ఆట పేరు, ఎంతసేపటికి లోపం వచ్చింది, అప్పుడు దీపాలు మినుకుమన్నాయా, యూపీఎస్ కూత పెట్టిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోవాలి. బాగుచేసేవారి దగ్గరికి యంత్రంతో పాటు ఆ కాగితాన్నీ, సమాచారమంతా నకలు తీసిన డిస్కును ఇంట్లో ఉంచిన తరువాతనే, తీసుకువెళ్లాలి.