గాజుతొట్టిలో సముద్రం

సముద్రగర్భంలోని సౌందర్యాన్ని ఇంట నిలుపుకోవాలన్న కోరిక మానవునికి నేటిది కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జలచరాల కొరకు ప్రత్యేకంగా ఒక భవనాన్ని నిర్మించి, గాజుతొట్టెలలో చేపలను ప్రదర్శించారు. అయితే చేపలను బతికించినంత సులభంగా పగడాలను బతికించడం చాలాకాలం సాధ్యపడలేదు. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక సరళమైన పద్ధతిని లోకానికి తెలియజేశాడు. సముద్రం నుండి తెచ్చిన రాళ్ళను, వాటిని అంటిపెట్టుకొని ఉన్న జీవులతో సహా తొట్టిలో ఉంచి, గాలిబుడగల సాయంతో నీటిని కదిలిస్తూ ఆయన పగడాలను పోషించాడు. ఆ రాళ్ళకే నేడు జీవశిలలని పేరు. నాటి నుండి క్రమంగా పగడపు తొట్టెలు అనేక దేశాలలో ఇళ్ళకు చేరాయి.

అయితే ఈ ముచ్చట వెనుక ఒక చిక్కు పొంచి ఉంటుంది. తొట్టి అమర్చిన కొన్ని వారాలకే ఇసుకపై గోధుమరంగు పొర ఏర్పడుతుంది. తరువాత రాళ్ళపై పచ్చని వెంట్రుకల వంటి నాచు మొలుస్తుంది. చూస్తుండగానే అది పగడాలను కమ్మి, వాటికి వెలుతురు అందకుండా చేస్తుంది. యజమాని దానిని గీకి తీసివేస్తాడు. వారం తిరగకముందే అది మళ్ళీ మొలుస్తుంది. మందు వేస్తే తాత్కాలికంగా తగ్గి, మరింత బలంగా తిరిగివస్తుంది. ఇది వేరును వదలి కొమ్మలు నరకడం వంటిది. వేరు ఎక్కడ ఉన్నదో తెలియాలంటే ముందుగా పగడపు దిబ్బల స్వభావం తెలియాలి.

పగడం చూడడానికి రాయి, రూపంలో పువ్వు. నిజానికి అది జంతువు. దాని కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు నివసిస్తాయి. అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో అధికభాగాన్ని పగడానికి అందిస్తాయి. ప్రతిఫలంగా పగడం వాటికి ఆశ్రయాన్ని, తన వ్యర్థాలలోని నత్రజనిని, భాస్వరాన్ని ఇస్తుంది. ఒకరి వ్యర్థం మరొకరికి ఎరువు కావడం చేతనే పోషకాలు అతి తక్కువగా ఉండే నిర్మల జలాలలో పగడపు దిబ్బలు వర్ధిల్లగలుగుతున్నాయి. సముద్రపు అడుగుభాగంలో ఒక శాతం కన్నా తక్కువ వైశాల్యంలో ఉన్న ఈ దిబ్బలు సముద్రజీవజాతులలో సుమారు నాలుగవ వంతుకు నెలవు. అక్కడ కూడా నాచు లేకపోలేదు. కానీ మొలిచిన నాచును మొలిచినట్లే చేపలు, నత్తలు, సముద్రపు ముళ్ళకాయలు మేసివేస్తాయి. పోషకాల కొరత, మేతగాళ్ళ ఆకలి అనే రెండు కట్టుబాట్లు నాచును అదుపులో ఉంచుతాయి.

గాజుతొట్టిలో ఈ రెండు కట్టుబాట్లూ సడలిపోతాయి. చేపలకు వేసిన మేతలో కొంత అడుగున కుళ్ళుతుంది. తిన్న మేతలో కొంత విసర్జన రూపంలో నీటిలో చేరుతుంది. వీటి నుండి విషతుల్యమైన అమోనియా పుడుతుంది. జీవశిలలలోని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మారుస్తాయి. ఈ క్రియను జరిపే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ. చేపలకు నైట్రేటు వలన వెంటనే ముప్పు లేదు. కానీ నాచుకు అది విందుభోజనం. మేతలోని భాస్వరం ఫాస్ఫేటుగా మారి ఆ విందును పరిపూర్ణం చేస్తుంది. అనంతమైన సముద్రంలో ఇవి పలుచబడిపోతాయి. నాలుగు గాజుపలకల మధ్య ఇవి పోవడానికి దారిలేక రోజురోజుకూ పేరుకుపోతాయి.

కాబట్టి నాచు రోగం కాదు, రోగలక్షణం. దాని రంగును, రూపాన్ని బట్టి నీటి స్థితిని కొంతవరకు ఊహించవచ్చు. కొత్త తొట్టిలో కనిపించే గోధుమరంగు పొర డయాటములది. నీటిలోని సిలికేటు తరిగిపోగానే సాధారణంగా అది తనంతట తానే తొలగిపోతుంది. పచ్చని వెంట్రుకల నాచు పోషకాలు మితిమీరినట్లు సూచిస్తుంది. ఎర్రని జిగురుపొర నిజానికి నాచు కాదు. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల సమూహం. నీటి కదలిక మందగించి, మురికి పేరుకున్న మూలలు దానికి అనుకూలం. దానికి యాంటీబయోటిక్ వేస్తే మేలుచేసే సూక్ష్మజీవులు కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. రాగి కలిసిన మందులు నత్తలను, రొయ్యలను చంపివేస్తాయి. అవి కుళ్ళితే నీటిలో పోషకాలు మరింత పెరుగుతాయి. ఆ విధంగా చికిత్సయే కొత్త రోగానికి కారణమవుతుంది.

నివారణ నీటితోనే మొదలు కావాలి. కొళాయి నీటిలోను, బావినీటిలోను నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు ఉండవచ్చు. అందుచేత రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో శుద్ధిచేసిన నీటిలో సముద్రలవణాన్ని కలిపి వాడడం ఉత్తమం. వారానికి పదవ వంతు నీటిని మార్చడం మంచి అలవాటే కానీ, దాని పరిమితిని గుర్తించాలి. లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేటు ఉన్న తొట్టిలో పదవ వంతు నీటిని మార్చితే అది 36కు మాత్రమే తగ్గుతుంది. పది వారాలు ఇలా మార్చితే, కొత్తగా ఏమీ చేరనిపక్షంలో, సుమారు 14కు దిగుతుంది. ఈలోగా మేత అధికమైతే ఆ శ్రమంతా వృథా అవుతుంది. అందువలన చేపలు రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మేతను మాత్రమే వేయాలి. దీపాలను రోజుకు ఎనిమిది నుండి పది గంటలకు పరిమితం చేయాలి.

మురికిని నురుగుతో సహా బయటకు తీసే ప్రోటీన్ స్కిమ్మర్ అనే యంత్రం కూడా ఉపకరిస్తుంది. వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది నాచును నాచుతోనే జయించే పద్ధతి. పక్కనే మరొక చిన్న తొట్టిని అమర్చి, అందులో కీటోమార్ఫా వంటి నాచును కావాలనే పెంచుతారు. అది నైట్రేటును, ఫాస్ఫేటును పీల్చుకొని పెరుగుతుంది. పెరిగినదానిని కోసి పారవేస్తే దానితోపాటు పోషకాలూ బయటకు పోతాయి. ఇక ప్రధాన తొట్టిలోని నాచు కొరకు నత్తలు, ముళ్ళకాయలు, నాచు మేసే చేపలు ఉన్నాయి. అయితే పెద్దగా పెరిగే చేపను చిన్న తొట్టిలో బంధించడం దానికి శిక్షే అవుతుంది.

ఇక్కడ మరొక హెచ్చరిక అవసరం. నాచుపై కోపంతో నైట్రేటును, ఫాస్ఫేటును పూర్తిగా లేకుండా చేస్తే పగడాలు వెలవెలబోయి క్షీణిస్తాయి. ఖాళీ అయిన ఆ స్థలాన్ని డైనోఫ్లాజెల్లేట్లు అనే జీవులు ఆక్రమించవచ్చు. వాటిలో కొన్ని జాతులు విషాన్ని కూడా ఉత్పత్తి చేస్తాయి. మురికి ఎంత అనర్థమో మితిమీరిన శుభ్రత కూడా అంతే అనర్థం. కావలసినది శూన్యం కాదు, సమతుల్యం.

తొట్టి నేర్పే ఈ పాఠాన్నే సముద్రం పెద్ద అక్షరాలతో రాసి చూపింది. జమైకా తీరంలో నాచు మేసే చేపలను అప్పటికే విపరీతంగా పట్టివేశారు. 1980లో పెనుతుఫాను అక్కడి పగడాలను విరగగొట్టింది. 1983లో కరీబియన్ సముద్రమంతటా నల్లని ముళ్ళకాయలు ఏదో వ్యాధి సోకి గుంపులు గుంపులుగా చనిపోయాయి. మేసేవారు లేని దిబ్బలపై నాచు విజృంభించింది. 1970వ దశకం చివర జమైకా దిబ్బలలో సగానికి పైగా ఉన్న పగడాల విస్తీర్ణం 1990వ దశకం తొలినాళ్ళకు 5 శాతం కన్నా దిగువకు పడిపోయింది. నాచు 4 శాతం నుండి 92 శాతానికి పెరిగింది.

తొట్టిలోని నాచు సముద్రంలో పడితే ఏమవుతుందో మధ్యధరా సముద్రం తెలియజెప్పింది. 1984లో మొనాకో సముద్ర విజ్ఞాన ప్రదర్శనశాల గోడల కింద సుమారు ఒక చదరపు మీటరు మేర కౌలెర్పా టాక్సిఫోలియా అనే నాచు కనిపించింది. పట్టించుకోనందువలన అది అనేక దేశాల తీరాలకు పాకింది. అదే నాచు 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరపు మడుగులో కనిపించినప్పుడు అధికారులు వెంటనే దానిని పట్టాలతో కప్పి, లోపల క్లోరిన్ ప్రయోగించారు. 2006 నాటికి దానిని నిర్మూలించగలిగారు. మనదేశంలోనూ మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద, సాగు కొరకు తెచ్చిన కప్పాఫైకస్ నాచు పగడాలను కమ్ముతున్నట్లు 2008లో వెల్లడైంది.

మన దేశంలో దిబ్బలను నిర్మించే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001 నుండి అత్యున్నత రక్షణ కల్పిస్తున్నది. వాటిని సముద్రం నుండి సేకరించడం నేరం. కాబట్టి ఇక్కడ పగడపు తొట్టి కట్టాలన్న సరదా కన్నా, ఆ తొట్టి చెప్పే సత్యం ముఖ్యం. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ జలాలను పచ్చబరిచినదీ ఈ నత్రజని, భాస్వరాలే. మురుగునీటి కాలువలు చెరువుకు మోసుకువచ్చేది నాచుకు మేతనే. తొట్టిలోని నాచును గీకి పారవేసినంతమాత్రాన తొట్టి బాగుపడనట్లే, పైన తేలే పచ్చదనాన్ని తొలగించినంతమాత్రాన చెరువూ బాగుపడదు. నీటిలోకి ఏమి వస్తున్నది, ఎంత వస్తున్నది, వచ్చినది ఎటు పోతున్నది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెదికినవాడే తొట్టినైనా, చెరువునైనా, సముద్రాన్నైనా కాపాడగలుగుతాడు.