చక్రముల మీది యిల్లు

యాత్రయన్న గృహిణికి విశ్రాంతి యని లోకుల యభిప్రాయము. ఊరు మాఱినను పొయ్యి మాఱదని మనకే తెలియును. ఇక ఇల్లే చక్రములెక్కి కదలినచో మన కేమి సుఖమని నేను సందేహించుచుంటిని. గత సంవత్సరము ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరముననున్న మా చెల్లెలి యింటికి బోయినప్పు డా సందేహము దీఱినది.

మా మఱది మూడు దినములకు ఒక మోటారుహోము నద్దెకు దెచ్చెను. పైకి చిన్న లారీవలె నుండును; లోపల పడకలు, గ్యాసుపొయ్యి, నీళ్లతొట్టి, ఫ్రిజ్జు గలవు. బరువు నాలుగున్నర టన్నులకు మించలేదు గనుక అచట కారు లైసెన్సుతోనే నడుపవచ్చును. నడుపుటకు గూర్చున్నది మా చెల్లెలు.

మేము పోయిన బాట పేరు గ్రేట్ ఓషన్ రోడ్డు. సుమారు 240 కిలోమీటర్ల పొడవు. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు, తమతో తిరిగి రాలేకపోయినవారి జ్ఞాపకార్థము 1919లో నారంభించి, పలుగులు పారలతో కొండచఱియలు ద్రవ్వి, 1932 నాటికి దీనిని ముగించిరి. పోయినవారి పేర చెఱువులు ద్రవ్వించిన మన పెద్దలు నాకు దలపునకు వచ్చిరి.

పడమరగా బోవువారికి సముద్రము ఎడమప్రక్క నుండును. అచటను మన దేశమునందువలె ఎడమవైపుననే నడుపుదురు గావున మా బండి నీటియంచుననే పోవుచుండెను. మొదటి పెద్ద మలుపులోనే వెనుక ధనధన శబ్దమయ్యెను. అలమార గడియ వేయుట నేను మఱచితిని; కందిపప్పు డబ్బా దొర్లి బండియంతయు పప్పే! బండి కదలకముందే గ్యాసు కట్టి, ప్రతి తలుపునకు గడియ వేసి, అందఱును పట్టీలు కట్టుకొని కూర్చుండవలెనట. ఇరువది యేండ్ల నుండి యిల్లు దిద్దుకొనుచున్న నేను సిగ్గుపడితిని.

లార్న్ దాటిన పిదప ఒకప్రక్క కొండ, ఒకప్రక్క కడలి. నాకు గుండె దడదడలాడెను.

“అమ్మాయీ, మఱదిగారు ప్రక్కనే యుండగా ఈ మలుపులలో నీవేల నడుపవలెను?” అంటిని.

“నేను నడిపిన దినమున ఆయన వండును, అక్కా. ఆయన నడిపిన దినమున నేను. లేనిచో నాకిది యాత్ర యెట్లగును?” అని అది నవ్వెను.

వెనుక నాలుగు కార్లు చేరగా అది బండిని ప్రక్కన ఖాళీలోనికి దీసి వారిని పోనిచ్చెను. పల్లమునందు క్రింది గేరు వేసెను. బ్రేకునే త్రొక్కుచున్నచో వేడెక్కి పట్టు దప్పునట. ఇంజనుచేతనే వేగము నాపవలెను. చూచుచుండగా నా భయము సగము తగ్గినది. బరువెఱిగి, ముందుచూపుతో, తొందరలేక నడచుట మనకు క్రొత్తవిద్య కాదుగదా!

అపోలో బే దాటిన తర్వాత బాట సముద్రమును విడిచి ఓట్వే అరణ్యము నెక్కును. నీలగిరిచెట్ల జాతికి జెందిన మౌంటెన్ యాష్ వృక్షములు, పూచెడి చెట్లలో లోకమునందెల్ల మిక్కిలి యెత్తైనవానిలో జేరినవి, ఆకసము నంటుచుండెను. వాని నీడలో మనిషియెత్తును మించిన ఫెరను చెట్లు. సందెవేళ కంగారూలు బాటకడ్డము వచ్చును గనుక ప్రొద్దు గ్రుంకకముందే బండి నిలిపితిమి. ఆ రాత్రి మా మఱది చారు పెట్టి అన్నము వండెను. నేను కాళ్లు చాచుకొని కూర్చుండి పక్షుల కూతలు వింటిని. వివాహమైన పిదప అట్టి సాయంకాలము నాకు జ్ఞాపకము లేదు.

మఱునాడు సున్నపురాతి స్తంభములు నీటిలో నిలిచిన ‘పన్నిద్దఱు అపొస్తలుల’ను జూచితిమి. 2005లో నందొకటి కూలినది; అలలు తమ పని మానవు. ఇంటిపనియు నంతియే. అలసినవారి చేతినుండి దానిని మఱియొకరు అందుకొనవలెను.

ఇంటికి వచ్చినది మొదలు నేను కారు నడుపుట నేర్చుకొనుచున్నాను. నేను నేర్చుకొనబోవు సాయంకాలములందు మా వారు చారు పెట్టుచున్నారు. ఉప్పు కొంచెము తక్కువ. నేనింతవఱకు చెప్పలేదు.