అడవి దారిలో పాము ఎదురైతే...

సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని అహోబిలం వెళ్లాను. వాడు ఆరో తరగతి చదువుతున్నాడు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి నల్లమల అడవిలో భవనాశిని వాగు వెంబడి కాలిబాట ఉంది. ఉదయం తొమ్మిది గంటలు కావస్తోంది. చలి ఇంకా తగ్గలేదు. నాలుగడుగులు ముందు నడుస్తున్న మావాడు ఉన్నట్టుండి ఆగి, "మావయ్యా, కొండచిలువ పిల్ల!" అని కేకపెట్టి, చూడడానికి ముందుకు వంగాడు.

బాట పక్కన ఎండ పడే చోట, ఎండుటాకుల మీద పాము చుట్ట చుట్టుకొని ఉంది. ఒంటిమీద గొలుసు పరచినట్లు మూడు వరుసల్లో నల్లని అంచు గల గోధుమరంగు మచ్చలు. "ఒరే, కదలకు!" అన్నాను. మరుక్షణమే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్లు పెద్ద బుస వినిపించింది. "దాన్ని చూస్తూనే ఒక్కొక్క అడుగే మెల్లగా వెనక్కి వెయ్యి" అన్నాను. వాడు అలాగే చేశాడు. పాము ఉన్నచోటే ఉంది. మేము దూరంగా చుట్టు తిరిగి వెళ్లిపోయాం.

అది కొండచిలువ పిల్ల కాదు, రక్తపింజర. నిజం చెప్పొద్దూ, వాడి కాళ్లకంటే నా కాళ్లే ఎక్కువ వణికాయి. కాస్త దూరం పోయాక ఒక బండమీద కూర్చున్నాం. వాడు వరసగా మూడు ప్రశ్నలు అడిగాడు. మీకూ అవే సందేహాలు రావచ్చు.

అది ఎందుకు పారిపోలేదు?

పాము శీతలరక్త జంతువు. మన ఒంట్లోలాగా దానికి ఎప్పుడూ ఒకే వేడి ఉండదు. చలికాలపు ఉదయం ఎండ కాచుకుంటేనే దాని కండరాలు చురుగ్గా పనిచేస్తాయి. పైగా రక్తపింజర జెర్రిపోతులాగా పరుగును నమ్ముకున్న పాము కాదు. దాని రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది. కదలకుండా ఉంటే ఎవరికీ కనబడదు. అదే దాని రక్షణ. ఎవరైనా మరీ దగ్గరికి వస్తే బుస కొడుతుంది. "నేనిక్కడున్నాను, తొక్కకు" అని దాని భావం. విషం తయారు కావడానికి పాముకు చాలా శక్తి ఖర్చవుతుంది. ఎలుకను పట్టడానికి పనికివచ్చే ఆ విషాన్ని, మింగలేని మనిషిమీద వృథా చేసుకోవడం దానికి లాభం కాదు. కాని భయపడితే రెప్పపాటుకంటే వేగంగా కాటు వేయగలదు. అందుకే పాము ఏదో గుర్తుపట్టడానికి దగ్గరికి పోకూడదు. తెలియని ప్రతి పామూ విషసర్పమే అనుకొని దూరం జరగాలి.

నా కేక దానికి వినబడిందా?

పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. లోపలి చెవి ఉంది. దానికి సంబంధించిన చిన్న ఎముక దవడను ఆనుకొని ఉంటుంది. నేల అదిరితే ఆ అదురు దవడ ద్వారా లోపలి చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే శబ్దాలను కూడా కొంతవరకు గ్రహిస్తాయని ఇటీవలి ప్రయోగాల్లో తేలింది. ఇక మాటిమాటికీ నాలుక చాపేది కాటు వేయడానికి కాదు. గాలిలోని వాసన కణాలను నాలుకతో పట్టి, నోటి పైభాగంలో ఉండే జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. అదురు తెలియగానే చాలా పాములు తప్పుకుంటాయి. కాని రక్తపింజర తప్పుకోదని చూశాం కదా! కనుక అడుగుల చప్పుడును నమ్ముకుంటే చాలదు, కళ్లతో నేల చూసి నడవాలి.

కరిచి ఉంటే ఏమయ్యేది?

పాము విషంలో ముఖ్యంగా ఉండేవి మాంసకృత్తులు. నాగుపాము, కట్లపాము విషాలు నాడులనుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలను అడ్డుకుంటాయి. రెప్పలు వాలిపోతాయి, చివరికి ఊపిరి ఆడదు. రక్తపింజర, చిన్నపింజర విషాలు రక్తం గడ్డకట్టే ఏర్పాటును చెడగొడతాయి. దీనిని తెలుసుకోవడానికి ఆసుపత్రిలో ఒక సులువైన పరీక్ష చేస్తారు. రోగి రక్తం 2 మిల్లీలీటర్లు శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టక ద్రవంగానే ఉంటే విషం రక్తంమీద పనిచేస్తున్నట్లే.

ఈ నాలుగు పాముల విషాలకూ విరుగుడు ఉంది. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రాల రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలనుంచి దానిని చేస్తారు. మందుల తయారీకి కావలసిన విషాన్ని తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం పాములనుంచి సేకరించి అందిస్తూ వచ్చింది.

మందు ఉన్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటువల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు!

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వీధిలో ఒకాయనను వేరుశనగ చేలో పాము కరిచింది. మంత్రగాడి దగ్గర ఒక పూట గడిచింది. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. అంతకు ముందు మంత్రంతో బతికినవాళ్లు లేరా అని ఊళ్లో వాదించారు. ఉన్నారు. ఎందుకంటే చాలా పాములకు మనిషిని చంపే విషమే లేదు. విషసర్పం కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అలాంటివాళ్లు మంత్రం లేకున్నా బతుకుతారు!

కనుక ఇవి గుర్తుంచుకోండి:

1. కరిచినచోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు.
2. ఉంగరాలు, గడియారం, పట్టీలు వెంటనే తీసివేయాలి. ఆ భాగం వాస్తుంది.
3. ఎముక విరిగితే కట్టినట్లు బద్ద కట్టి కదలకుండా ఉంచాలి. నడిపించకుండా మోసుకుపోవాలి.
4. 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కాటు వేసిన సమయం వైద్యుడికి చెప్పాలి. పామును పట్టుకుపోనక్కరలేదు.

మరొక విషయం. 1796లో పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాములమీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన విశాఖపట్నంలో పనిచేసినవాడు. అందులో పాములకు మన తెలుగు పేర్లే రాశాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే నిలిచింది. కట్లపాము శాస్త్రీయనామంలోని 'బుంగారస్' మన 'బంగారు' అనే మాటనుంచి పుట్టిందే! పామును చూడగానే చంపాలనుకోకుండా చూసి రాసుకున్నందువల్లనే ఈ జ్ఞానం మనకు మిగిలింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు మావాడు ముందుకు ఉరకలేదు. చేతికర్రతో ఆకులు తట్టుతూ, పడిపోయిన మాను అడ్డం వస్తే అవతల ఏముందో చూసి దాటాడు. పొద్దున పాము ఉన్నచోట ఆకులు మాత్రమే ఉన్నాయి.

"ఎండ ముదిరింది కదా మావయ్యా, నీడకు పోయుంటుంది" అన్నాడు.

ఈ వారం మీరూ ఒక పని చేయండి. మీకు దగ్గరలో ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, పాము కాటు మందు అక్కడ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. లేకపోతే ఎక్కడ దొరుకుతుందో రాసుకొని, మీ ఇంట్లోనూ బడిలోనూ అందరికీ కనబడేచోట అంటించండి.