మూత్రపిండ వ్యాధి ముందస్తు గుర్తింపు పరీక్షలు

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిని లక్షణాలు కనిపించకముందే గుర్తించడానికి, ఆరోగ్యంగా ఉన్నామనుకొనే ప్రజలకు వారి ఊళ్ళోనే చేసే పరీక్షలను మూత్రపిండ వ్యాధి ముందస్తు గుర్తింపు పరీక్షలు అంటారు. రక్తపోటు కొలవడం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను ఉన్నదేమో చూడడం, రక్తంలో క్రియాటినిన్ పరిమాణం తెలుసుకోవడం వీటిలో ముఖ్యమైనవి. తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలకు, వాటి చుట్టుపక్కల గ్రామాలకు ఈ పరీక్షలు ఎంతో ఉపయోగకరం.

అవసరం

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన వడపోత భాగాలు ఉంటాయి. కొన్ని దెబ్బతిన్నప్పుడు వాటి పనిని మిగిలినవి చేస్తాయి. అందువల్ల వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండా పెరుగుతుంది. కాళ్ళ వాపు, వాంతులు, ఆయాసం కనిపించేసరికి మూత్రపిండాల సామర్థ్యం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. చివరి దశలో డయాలసిస్ గాని, మూత్రపిండ మార్పిడి గాని తప్పదు. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు చేస్తారు. చికిత్స ఉచితంగా దొరికినా, రోజు కూలీపై బ్రతికే కుటుంబంలో రోగితోపాటు తోడు వెళ్ళేవారు కూడా పని కోల్పోతారు. ముందుగా గుర్తిస్తే ఈ దశను ఎన్నో ఏళ్ళు వాయిదా వేయవచ్చు.

వ్యాధి నిర్ధారణ

మూత్రపిండాలు నిమిషానికి వడకట్టే ద్రవ పరిమాణాన్ని వడపోత రేటు అంటారు. ఇది 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఉన్నా, మూత్రంలో ప్రతి గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఆల్బుమిన్ ఉన్నా, ఆ స్థితి 3 నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. వడపోత రేటు 15 కంటే తగ్గితే అది చివరిదైన ఐదవ దశ. జ్వరం, అధిక శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం వంటి కారణాలు ఫలితాలను తాత్కాలికంగా మార్చగలవు. కనుక శిబిరంలో చేసిన ఒక్క పరీక్షతో వ్యాధి నిర్ధారణ కాదు.

క్రియాటినిన్ అంకెను వయసు, లింగభేదాలతో కలిపి చూడాలి. ఉదాహరణకు 2021 నాటి అంతర్జాతీయ సమీకరణం ప్రకారం, క్రియాటినిన్ 1.2 మిల్లీగ్రాములు ఉన్న 25 ఏళ్ళ పురుషుని వడపోత రేటు సుమారు 86. అదే అంకె ఉన్న 65 ఏళ్ళ స్త్రీకి అది దాదాపు 50 మాత్రమే. కేవలం క్రియాటినిన్ అంకెను చూసి అంతా బాగుందనుకుంటే ఆమె వ్యాధి బయటపడదు.

ప్రాంతీయ పరిస్థితులు

ఈ మూడు పట్టణాలూ పూర్వపు నల్గొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి సాగు, బియ్యం మిల్లులు ఇక్కడి ప్రధాన జీవనాధారాలలో కొన్ని. ఎండలో నీరు తాగకుండా శ్రమించడం, ఒంటి నొప్పులకు తరచుగా నొప్పి మాత్రలు వేసుకోవడం మూత్రపిండాలకు హాని చేయగలవు.

నల్గొండ ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడు సమస్య దశాబ్దాలుగా ఉన్నది. శరీరంలోని ఫ్లోరైడు ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. వాటి పనితీరు తగ్గితే అది శరీరంలో మరింతగా నిలిచిపోతుంది. అయితే ఫ్లోరోసిస్, మూత్రపిండ వ్యాధి వేర్వేరు రుగ్మతలు.

ఇతర ప్రాంతాల అనుభవాలు

చెన్నై సమీప గ్రామాలలో 1990ల దశకంలో డాక్టర్ ఎం.కె.మణి ఆధ్వర్యంలో కిడ్నీ హెల్ప్ ట్రస్టు ఇటువంటి కార్యక్రమాన్ని చేపట్టింది. శిక్షణ పొందిన గ్రామస్థులే ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు కొలిచి, మూత్ర పరీక్షలు చేశారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి తక్కువ ధర మందులు అందించారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మరొక పాఠం నేర్పింది. అక్కడ మధుమేహం లేని వ్యవసాయదారులలో కూడా వ్యాధి విస్తృతంగా కనిపించింది. ఈ రకం వ్యాధిలో మూత్రంలో ప్రోటీను చాలామందికి స్వల్పంగానే ఉంటుంది. అందువల్ల మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు, రక్త పరీక్ష కూడా అవసరం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

తరువాతి చర్యలు

మధుమేహం, అధిక రక్తపోటు, మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు, 60 ఏళ్ళు దాటినవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. తేడా కనిపించినవారి పేర్లను నమోదు చేసి, 3 నెలల తరువాత మళ్ళీ పరీక్షించి, వైద్యుని వద్దకు పంపాలి. ఆశా కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఈ బాధ్యతకు అనువైనవి. 2019లో సూర్యాపేట, నల్గొండలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచడం, ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం, వైద్యుని సలహాపై తగిన మందులు వాడడం వల్ల వ్యాధి వేగం తగ్గుతుంది. ఈ అనుసరణ లేకపోతే శిబిరం ఎంత పెద్దదైనా రోగికి కలిగే మేలు స్వల్పమే.