ఉల్లంకి పిట్ట: గుర్తులు, అలవాట్లు

వేదాద్రి యొద్ద కృష్ణ యొడ్డునను, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలోని మునియేరు, పాలేరు వంటి యేళ్లవెంటను, చెరువుల యంచులను, శ్రావణ భాద్రపదములు మొదలు చైత్రము వరకు నొక చిన్న పిట్ట తఱచుగా నొంటరిగా తిరుగుచుండును. ఇది ఉల్లంకి జాతులలో నొకటి. నారుమడి గట్టుమీద వాలినపుడు విత్తనము తినునను ననుమానముతో దీనిని కొట్టుట తగదు. ముందుగా పిట్టను గుర్తింపవలెను.

గుర్తులు: ముక్కు మొదలు తోక వరకు సుమారు 20 సెంటీమీటర్లు, అనగా 8 అంగుళములు. తూకము 50 గ్రాములకు అటునిటుగా నుండును. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు. ఆ తెలుపు మూసిన రెక్కకు ముందుగా భుజము వైపునకు పైకి వ్యాపించి యుండును. ఇది ముఖ్యమైన గుర్తు. నిలిచినను నడచినను వెనుకభాగమును పైకి క్రిందికి నూపుచునే యుండును. బెదరినపుడు సన్నగా కూయుచు, నీటిమీద మిక్కిలి తక్కువ యెత్తున నెగురును. అప్పుడు రెక్కపై తెల్లని చార కనబడును.

వరిమళ్ల బురదలో తిరుగు మఱియొక యుల్లంకికి వీపున తెల్లని చుక్కలుండును. ఎగిరినపుడు దాని తోక మొదలు తెల్లగా కనబడును. రెక్కపై చార యుండదు.

మేత: పిచ్చుక ముక్కు పొట్టిది, లావైనది, గింజను చిదుపుటకు తగినది. ఉల్లంకి ముక్కు సన్నము, పొడవు. బురదనుండియు రాళ్ల సందులనుండియు మేతను తీయుటకు తగినది. పురుగులు, వాని పిల్లలు, వానపాములు, చిన్న నత్తలు దీనికి ముఖ్యాహారము. కావున దీనివలన పైరునకు భయము లేదు.

వలస: ఐరోపా మొదలు జపాను వరకు గల చలిదేశములందును, మన దేశమున కాశ్మీరము, లడఖ్ మొదలగు హిమాలయ ప్రాంతములందును, వేసవిలో నీటి యొడ్డున నేలమీద సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. చలికాలము గడపుటకే యిచ్చటికి వచ్చును. మన యొడ్డున దొరకు మేతతో బలిసి తిరుగు ప్రయాణము చేయును.

రైతులు చేయవలసినవి: విత్తనము పోవుచున్న యెడల తెల్లవాఱుజామున మడిలో ఏ పిట్ట దిగుచున్నదో స్వయముగా చూడవలెను. కాపలా యుంచి గింజతిను పిట్టలను తోలవలెను. విషము కలిపిన గింజలు గట్లపై చల్లరాదు. పురుగుమందు డబ్బాలను, స్ప్రేయర్లను కాలువలో గాని చెరువులో గాని కడుగరాదు. అట్లు కడిగిన యెడల పిట్టల మేత నశించును. ఆ నీరు త్రాగు పశువులకును ప్రమాదము. ఈ పిట్టలను వలవేసి పట్టుటయు చంపుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమని కూడ రైతులు గమనింపవలెను.