రెండు కాలాలు, రెండు కార్లు

కారు మన కుటుంబాలకు అవసరం కొరకు వచ్చిన వస్తువు. అయితే కొన్ని కార్లను కొందరు ప్రేమతో దాచుకుంటారు. ఇంటిల్లిపాదీ కూర్చోదగినవై, వేగానికి కూడా పేరు పొందిన అట్టి రెండు కార్లను ఈ నెల పోల్చి చూద్దాం. ఒకటి హిందుస్థాన్ కాంటెస్సా, రెండవది స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245.

1970లలో బ్రిటన్‌లో వాక్సాల్ సంస్థ చేసిన విక్టర్ కారు నమూనాను తీసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో కాంటెస్సాను పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారు చేయనారంభించారు. మొదట దానిలో అంబాసిడర్‌కు వాడిన 1.5 లీటర్ల ఇంజనే ఉండేది. సుమారు 50 హార్స్‌పవర్ శక్తి అంత పెద్ద బండికి చాలలేదు. జపాన్‌కు చెందిన ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు వచ్చాక శక్తి సుమారు 88కి పెరిగింది. అప్పుడే దానికి మంచి పేరు వచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది.

ఆక్టావియా ఆర్‌ఎస్ 245 కార్లు 2020లో మన దేశానికి వచ్చినవి 200 మాత్రమే. అప్పటి షోరూము ధర సుమారు 36 లక్షల రూపాయలు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను శక్తి 245 హార్స్‌పవర్. నిలిచియున్న బండి 6.6 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అయినా డిక్కీలో 590 లీటర్ల చోటుంది. పెళ్లికి వెళ్లే కుటుంబం సామానంతా పడుతుంది.

దాచుకొనుటకు ఏది మేలు? కాంటెస్సా కార్బురేటర్‌ను అనుభవం గల మెకానిక్ పానాలతో విప్పి బాగు చేయగలడు. కాని విడిభాగాలు దొరకడం కష్టం. తుప్పు దానికి పెద్ద శత్రువు. ఇథనాల్ కలిపిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోలేవు, మార్పించాలి. ఆర్‌ఎస్‌లో ఇంజను, గేర్లు కంప్యూటర్ ఆజ్ఞపై నడుస్తాయి. రేపు ఆ భాగాలు దొరకకపోతే పానా పట్టినవాడు ఏమీ చేయలేడు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్ల తరువాత ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు 50 ఏళ్లు దాటిన బండికే. అంటే 1984 నాటి కాంటెస్సా 2034 వరకు ఆగవలసిందే.

అన్నిటికంటె ముఖ్యం, లోపల కూర్చున్న మనవారి క్షేమం. కాంటెస్సాలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ బ్రేకులు లేవు. ఆర్‌ఎస్‌లో రెండూ ఉన్నాయి. అయినా ధీమా పనికిరాదు. 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఆ దూరం గడిచిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. మన తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి పైకి పక్క డొంక నుండి ట్రాక్టరో, గేదెల మందో వస్తే ఆ లెక్క మనకు అర్థమవుతుంది.

కనుక కాంటెస్సా ఉన్నవారు బ్రేకులు, సీటు బెల్టులు చూపించుకోండి, అరగకపోయినా వయసు మీరిన టైర్లు మార్చండి, నెమ్మదిగా నడపండి. ఆర్‌ఎస్ ఉన్నవారు దాని శక్తినంతా రోడ్డు మీద చూపనవసరం లేదని గుర్తుంచుకోండి. పిల్లలు వెనుక సీటులో నిశ్చింతగా నిద్రపోగలిగేలా నడిపినప్పుడే అది కుటుంబపు కారు.